గడప దాటక తప్పని పనులు: కరోనా కాలపు విజయనగరం మీద ఒక కేస్ స్టడీ

2020 ఏప్రిల్‌లో మా బృందానికి అప్పగించిన ఒక పని విజయనగరం పటం మీద ఒక వృత్తం గీయడం. అప్పటికి జిల్లాలో ఒక్క కరోనా కేసు కూడా నమోదు కాలేదు. కేసు బయటపడిన రోజున ఏ వీధులు మూయాలి, ఎక్కడ వెదురు కంచె కట్టాలి, ఏ మలుపు దగ్గర ఎవరిని నిలబెట్టాలి అన్నది ముందుగానే రాసిపెట్టుకునే కసరత్తు అది. కేంద్ర ఆరోగ్య శాఖ ఆ రోజుల్లో ఇచ్చిన నమూనా ప్రకారం కేసు ఉన్న చోటు చుట్టూ 3 కిలోమీటర్ల మేర కట్టడి ప్రాంతం అవుతుంది. గంటస్తంభాన్ని కేంద్రంగా పెట్టుకుని ఆ వ్యాసార్థంతో గీస్తే వృత్తం వైశాల్యం 28 చదరపు కిలోమీటర్లు దాటింది. కోట, మూడు లాంతర్ల కూడలి, పెద్ద చెరువు, ఆర్టీసీ కాంప్లెక్స్, రైల్వే స్టేషన్ అన్నీ అందులో పడ్డాయి. ఊరంతా ఎర్రరంగు పూసిన పటం ఏ నిర్ణయానికీ పనికిరాదని గీసిన వెంటనే మాకు అర్థమైంది.

ఆ పటాన్ని బల్ల మీద పరిచి మాట్లాడుకుంటున్నప్పుడు ఒక పారిశుధ్య మేస్త్రీ అడిగిన ప్రశ్న ఈ మొత్తం పనికి దారి చూపింది. "లోపలున్నోళ్లని బయటికి రావద్దంటాం బాబూ, బాగానే ఉంది. మరి కొళాయి ఈదిలోనే ఉంది గదా, నీళ్లకి ఎలాగొస్తారు?" అన్నాడాయన. మా దగ్గర దానికి జవాబు లేదు. నేను పట్టణ ప్రణాళిక చదువుకుని ఆ వృత్తిలోనే ఉన్నవాణ్ణి. ఊరిని నివాస ప్రాంతం, వాణిజ్య ప్రాంతం, పరిశ్రమలు, రోడ్లు, ఖాళీ స్థలాలుగా రంగులు వేసి చూడటం నాకు అలవాటు. ఒక కుటుంబం రోజుకు ఎన్నిసార్లు, ఏ పని మీద, ఎంత దూరం ఇల్లు విడిచి వెళ్లక తప్పదో చెప్పే రంగు మా పటాల్లో ఎప్పుడూ లేదు. మహమ్మారి వచ్చినప్పుడు ఊరు ఎంతవరకు తట్టుకుంటుందో చెప్పేది ఆ లెక్కేనని 2020 మార్చి నుంచి 2021 చివరి వరకు చేసిన పనిలో నాకు కలిగిన నిశ్చయం. ఆ నిశ్చయానికి ఎలా వచ్చామో, మధ్యలో ఎక్కడెక్కడ పొరబడ్డామో ఇక్కడ నమోదు చేస్తున్నాను.

ఊరి స్వరూపం

విజయనగరం 1713లో కట్టిన కోట చుట్టూ పెరిగిన ఊరు. 1888లో పురపాలక సంఘమైంది, తర్వాత నగరపాలక సంస్థ అయింది. 2011 జనాభా లెక్కల ప్రకారం జనం సుమారు 2.28 లక్షలు. హౌరా–చెన్నై ప్రధాన రైలు మార్గంలో ఉంటూ రాయగడ, రాయ్‌పూర్ వైపు మార్గం చీలిపోయే జంక్షన్ ఇది. బొబ్బిలి, సాలూరు, పార్వతీపురం, చీపురుపల్లి వైపుల నుంచి పెళ్లి బట్టలకూ బంగారానికీ ఆసుపత్రికీ కాలేజీకీ జనం వచ్చేది ఇక్కడికే. కాబట్టి పగటి పూట ఊళ్లో ఉండే జనం రాత్రి నిద్రపోయే జనం కంటే ఎక్కువ. జనాభా లెక్కలు నిద్రపోయేవారినే లెక్కిస్తాయి. వ్యాధి పగలు తిరిగేవారి వెంట నడుస్తుంది.

2020 ఏప్రిల్ 30న కేసుల తీవ్రతను బట్టి జిల్లాలకు రంగులు ఇస్తూ కేంద్రం విడుదల చేసిన జాబితాలో, రాష్ట్రంలో అప్పుడున్న 13 జిల్లాల్లో ఆకుపచ్చ రంగు దక్కినది విజయనగరం ఒక్కటే. మే నెలలో గానీ ఇక్కడ తొలి కేసులు రాలేదు. పొరుగున విశాఖపట్నంలో మార్చి నుంచే కేసులు ఉన్నాయి కనుక మాకు దొరికిన వ్యవధి ఆరేడు వారాలు. దాన్ని పూర్తిగా వాడుకున్నామని చెప్పలేను గానీ వృథా చేయలేదు.

పాలన గురించి ఒక మాట చెప్పాలి. రాజ్యాంగ 74వ సవరణ పన్నెండో షెడ్యూలులో పట్టణ సంస్థలకు రాసిన 18 బాధ్యతల్లో పట్టణ ప్రణాళిక, ప్రజారోగ్యం రెండూ ఉన్నాయి. అయినా 2020లో ఆదేశాలు నడిచినది 1897 నాటి అంటువ్యాధుల చట్టం, 2005 నాటి విపత్తు నిర్వహణ చట్టం కింద, ఎక్కువగా జిల్లా స్థాయి నుంచి. పైగా రాష్ట్రంలోని పురపాలక పాలకవర్గాల గడువు 2019 జూలైలోనే ముగిసింది. విజయనగరంలోని 50 డివిజన్లకు ఎన్నికలు 2021 మార్చిలో గానీ జరగలేదు. అంటే మొదటి ఉద్ధృతి మొత్తం కార్పొరేటర్లు లేకుండానే గడిచింది. ఏ వీధిలో ఎవరింట్లో ముసలివారు ఒంటరిగా ఉన్నారో, ఎవరికి ఎవరితో మాటలు లేవో తెలిసినవారు సమావేశాల్లో లేరు. ఆ లోటును కొంతవరకు తీర్చింది అంతకు కొద్ది నెలల ముందే మొదలైన వార్డు సచివాలయాలు, ఆరోగ్య కార్యదర్శులు, ఆశా కార్యకర్తలు, మెప్మా (పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ) సంఘాల మహిళలు. రాష్ట్రంలో మనిషికి మూడు చొప్పున పంచాలనుకున్న మాస్కుల్లో ఎక్కువ భాగం కుట్టిన చేతులు ఆ సంఘాలవే. ఇంటింటి జ్వరం సర్వే కాగితాలు పట్టుకుని తిరిగిన ఆ ఆడపిల్లలకు తలుపు తీయని ఇళ్లు ఎన్నో ఉన్నాయి. అయినా మళ్లీ వెళ్లారు. వారు లేకపోతే మా పటాలన్నీ ఖాళీ కాగితాలే.

మార్కెట్‌ను విడదీయడం

లాక్‌డౌన్ మొదలైన వారం లోపే పని మీద పడినది కూరగాయల మార్కెట్. ఇరువైపులా అరుగులు, ముందు గోనెలు, వాటి ముందు గంపలు, మధ్యలో సైకిళ్లు. మేం టేపు పెట్టి కొలిచిన ఒక సందులో గంపల మధ్య మనిషి నడవడానికి మిగిలినది మీటరుకు కాస్త ఎక్కువ. ఎదురెదురుగా ఇద్దరు నడిస్తే భుజాలు రాసుకోక తప్పదు. అలాంటి చోట భౌతిక దూరం పాటించమని మైకులో చెప్పడం వల్ల ప్రయోజనం శూన్యం.

రాష్ట్రమంతటా చేసినట్టే ఇక్కడా మార్కెట్‌ను విడదీసి పాఠశాలల మైదానాల్లోకి, ఖాళీ స్థలాల్లోకి పంపాం. లెక్క ఇలా వేశాం. ఒక అమ్మకందారుకు 2 మీటర్ల చదరం చోటు, చుట్టూ ఒకరికొకరికి 3 మీటర్ల ఎడం అనుకుంటే ఒక్కొక్కరికి 25 చదరపు మీటర్లు అవుతుంది. దానికి కొనేవారు వచ్చే దారి, వెళ్లే దారి, సరుకు దింపే ఆటోలు తిరిగే చోటు కలిపితే రెట్టింపు. ఎకరం అంటే 4,047 చదరపు మీటర్లు కనుక ఎకరానికి 80 మందికి మించి పట్టరు. పాత సందులో అంతమంది అంతకు ఎన్నో రెట్లు తక్కువ చోటులో సర్దుకుని కూర్చునేవారు. ఈ లెక్క తేలాక, ఊళ్లో ప్రభుత్వ పాఠశాలల ఆటస్థలాలు ఎన్ని మిగిలాయో, ఎన్ని ప్రహరీలు లేకుండా ఆక్రమణల పాలయ్యాయో వెతకవలసి వచ్చింది. ఖాళీ స్థలాన్ని కాపాడటం పట్టణ ప్రణాళికలో అందరూ ఒప్పుకునే, ఎవరూ పట్టుబట్టని అంశం. ఆ వారం మాత్రం అందరూ దాని కోసమే పరుగెత్తారు.

మొదటి రోజు తెల్లవారుజామున నాలుగున్నరకు సున్నంతో గళ్లు గీశాం. ఆరు గంటలకల్లా మార్కెట్ నిండింది, అందరూ గళ్లలోనే కూర్చున్నారు, ఫొటోలు కూడా తీశారు. తొమ్మిదిన్నరకు ఆ గళ్లలో సగం ఖాళీ. అమ్మేవారంతా మైదానం తూర్పు అంచున ఉన్న రెండు వేపచెట్ల కింద ఒకరి మీద ఒకరు పడి కూర్చున్నారు. మేం దూరం కొలిచాం గానీ ఎండను కొలవలేదు. ఆకుకూరలు పది గంటల ఎండలో వడలిపోతే ఆ రోజు పెట్టుబడి పోయినట్టే. వ్యాధి భయం కన్నా అది వారికి దగ్గరి భయం. తోటకూర కట్టల మీద తడిగోనె కప్పుకుంటూ ఒకామె చెప్పిన మాట నా పుస్తకంలో ఉంది: "గీతలో కూకోమంటే కూకుంటాం బావూ. ఈ ఎండకి కూర సచ్చిపోతే ఎవులు కొంటారు? నీడ ఏటైనా సూడండి." మూడో రోజుకు షామియానా గుడ్డలు వెదురు బొంగుల మీద వరసలుగా కట్టించాం. అప్పటి నుంచి గీతల గురించి ఎవరికీ చెప్పవలసిన అవసరం రాలేదు. నీడ ఎక్కడ ఉంటే అక్కడే కూర్చున్నారు, నీడను మేం ఎడంగా పరిచాం.

ఆ మైదానంలో ఇంకో లోపం మాకు రెండు వారాల దాకా తెలియలేదు, ఎందుకంటే మా బృందంలో ఉన్నవాళ్లమంతా మగవాళ్లమే. సెలవులు గనుక పాఠశాల మరుగుదొడ్లకు తాళం వేసి ఉంది. చుట్టుపక్కల గ్రామాల నుంచి చీకటితో బయల్దేరి వచ్చే ఆడవారు మధ్యాహ్నం ఇంటికి చేరేవరకు మంచినీళ్లు తాగడం మానేశారు. వడదెబ్బకు ఒకామె కూలబడినప్పుడు గానీ ఈ సంగతి బయటికి రాలేదు. తాళం చెవి సంపాదించడానికి రెండు శాఖల మధ్య నాలుగు రోజులు పట్టింది. ఆ నాలుగు రోజుల గురించి ఇప్పటికీ నాకు బాధగానే ఉంది. తర్వాత రాసిన ప్రణాళికలో ప్రతి మైదానం పేరు పక్కన తాళం ఎవరి దగ్గర ఉంటుందో రాసే గడిని చేర్చాం.

తోపుడు బళ్లను వీధుల్లోకి పంపడం మైదానాల కన్నా బాగా పనిచేసింది. కొనేవాడు ఊరు దాటి రావడం కన్నా అమ్మేవాడు ఒక్కడు యాభై గుమ్మాల ముందు తిరగడం తక్కువ కలయికలకు దారి తీస్తుంది. 2014 నాటి వీధి వ్యాపారుల చట్టం కింద వారికి గుర్తింపు కార్డులు ఇవ్వాలని ఎప్పటి నుంచో ఉంది. ఆ జాబితా సరిగా ఉన్న డివిజన్లలో బళ్లకు పాసులు ఒక్క రోజులో ఇచ్చాం, జాబితా లేని చోట వారం పట్టింది. 2020 జూన్‌లో వీధి వ్యాపారులకు పది వేల రూపాయల రుణాలిచ్చే పీఎం స్వనిధి పథకం మొదలైనప్పుడు కూడా అదే తేడా కనిపించింది.

బిందె లెక్క

ఇక మేస్త్రీ అడిగిన ప్రశ్న. మేం ఎంచుకున్న ఒక వాడలో ఇళ్లకు సొంత కొళాయిలు తక్కువ. వీధి కొళాయికి పొద్దున పూట మాత్రమే నీళ్లు వదులుతారు. నీళ్లు వచ్చే వేళకు ముందే బిందెలు వరసలో ఉంటాయి. మనుషులు కాక బిందెలు వరసలో నిలబడే ఆచారం అక్కడ ఎప్పటి నుంచో ఉంది. దాన్ని చూసి మొదట్లో నేను సంతోషించాను, దూరం దానంతట అదే వస్తుందని. కానీ నీళ్లు మొదలైన క్షణం నుంచి ఎవరి బిందె దగ్గర వారు ఉండాలి, లేకపోతే వంతు పోతుంది. అప్పుడు ఇరవై ముప్పై మంది ఆ చప్టా చుట్టూ చేరతారు. కొళాయి దగ్గర మాస్కు నిలవదు. వంగి ఎత్తుకునేటప్పుడు జారిపోతుంది, తడిస్తే ఊపిరాడదు.

చేతులు కడుక్కోమన్న సలహాను నీళ్లలోకి మార్చి చూశాం. మగ్గుతో పొదుపుగా కడిగినా ఒకసారికి లీటరు కావాలి. ఐదుగురున్న ఇంట్లో మనిషి పదిసార్లు కడిగితే రోజుకు 50 లీటర్లు; పదిహేను లీటర్ల బిందె అనుకుంటే అదనంగా మూడు బిందెలకు పైనే. వీధి కొళాయి మీద బతికే కుటుంబాలకు దేశంలో పాటించే ప్రమాణం మనిషికి రోజుకు 40 లీటర్లు, అంటే ఆ ఇంటికి 200 లీటర్లు. ఇంటింటి కొళాయి, భూగర్భ డ్రైనేజీ ఉన్న పట్టణాలకు అదే ప్రమాణం 135 లీటర్లు. కాబట్టి మనం ఇచ్చిన ఒక్క ఆరోగ్య సలహా వల్ల ఆ ఇంటి నీటి అవసరం నాలుగో వంతు పెరిగింది, ఆ నాలుగో వంతు కోసం ఎవరో ఒకరు, సాధారణంగా ఇంటి ఆడమనిషి, అదే గుంపులోకి ఇంకో మూడుసార్లు వెళ్లాలి. సలహా, ప్రమాదం రెండూ ఒకే కొళాయి దగ్గర కలిశాయి.

చేసింది చాలా చిన్న పని. నీటి విభాగంతో మాట్లాడి ఆ వాడను మూడు ముక్కలుగా చేసి వేళలు మార్చమన్నాం. కాగితం మీద చక్కగా ఉంది. అమలులో వాల్వులు తిప్పే మనిషి ఒక్కడే కావడం వల్ల రెండో వాల్వు దగ్గరికి అతను చేరేసరికి మొదటి వీధిలో వేళ మించిపోయేది, మూడో వీధివారు ఓపిక పట్టలేక మొదటి వీధికే వచ్చేవారు. అలా గుంపు ఇంకా పెరిగింది. వారం తర్వాత ఆ పద్ధతి మానేసి, వేళలు కలిపి ఉంచి, చప్టాకు ఎడంగా ఉన్న పైపు మీద ఇంకో రెండు కొళాయిలు బిగించాం, ట్యాంకరును వీధి రెండో చివర నిలబెట్టాం. అయిన ఖర్చు కట్టడి ప్రాంతానికి వేసిన వెదురు కంచె ఖర్చు కన్నా తక్కువ.

అదే సమయంలో రోజూ ఎంతో శ్రమ వెచ్చించి వీధుల్లో క్రిములను చంపే హైపో (సోడియం హైపోక్లోరైట్) ద్రావణం చల్లించాం. వీధులూ బహిరంగ స్థలాలూ అలా పిచికారీ చేయడం వల్ల ఉపయోగం లేదని, చల్లేవారి ఆరోగ్యానికి హాని కూడా కలగవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మే నెలలోనే చెప్పింది. జనానికి కంటికి కనిపించే పని కావాలి, అధికారులకు చూపించే పని కావాలి అన్న ఒత్తిడిలో అది చాలాకాలం ఆగలేదు. వీపుకు ట్యాంకు కట్టుకుని, కళ్లు మండుతూ తిరిగిన ఆ కార్మికుల పనిగంటలు కాలువల పూడిక తీతకు, మరుగుదొడ్ల శుభ్రతకు, కొళాయి చప్టాల మరమ్మతుకు వెళ్లవలసినవి.

ఒకే గది ఇల్లు

2020 ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో కేసులు ఉద్ధృతమైనప్పుడు లక్షణాలు తక్కువ ఉన్నవారు ఇంట్లోనే విడిగా ఉండవచ్చన్నారు. విడి గది, విడి మరుగుదొడ్డి ఉండాలన్నది షరతు. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో 37 శాతం కుటుంబాలు ఒకే గదిలో ఉంటున్నాయి. వారికి ఆ షరతు అర్థం లేనిది. ఊరి బయట కాలేజీల వసతిగృహాల్లో కేంద్రాలు తెరిచినా అక్కడికి వెళ్లడానికి ఒప్పుకోని వారు చాలామంది. పిల్లలను ఎవరికి వదలాలి, మేకలకు మేత ఎవరు వేస్తారు, పక్కవాళ్లు ఏమనుకుంటారు అన్నవి వారి ప్రశ్నలు. ఇల్లు కనిపించేంత దూరంలో ఉన్న చోటుకైతే వస్తామని అన్నవారు ఎక్కువ. అందుకే తర్వాతి ప్రణాళికలో సచివాలయం పరిధికి ఒకటి చొప్పున, నడిచి వెళ్లగల దూరంలో, కిటికీలు రెండు వైపులా ఉన్న పాఠశాల గదులనో కల్యాణ మండపాలనో గుర్తించాం. గాలి ఆడని ఏసీ హాళ్లను తీసేశాం. వైరస్ గాలిలో నిలిచి వ్యాపిస్తుందన్న విషయం అందరూ ఒప్పుకోవడానికి ఏడాది పట్టింది. పెంకుటిళ్లలో పెరిగిన మా మేస్త్రీకి మాత్రం మొదటి రోజే ఏ గదిలో గాలి ఆడుతుందో తెలిసింది.

ఊరి బయటి నుంచి వచ్చినవారిది వేరే కథ. గుజరాత్‌లోని వేరావల్ రేవులో చిక్కుకుపోయిన ఉత్తరాంధ్ర మత్స్యకారులు వేలమంది బస్సుల్లో స్వగ్రామాలకు చేరుకున్నారు; వారిలో శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల తీర గ్రామాలవారే ఎక్కువ. తర్వాత వలస కూలీలను తెచ్చే శ్రామిక్ రైళ్లు వచ్చాయి. క్వారంటైన్ గదులూ వంటలూ పట్టణమే చూసుకోవలసి వచ్చింది. ఏ జిల్లా జనం ఏ రేవులో, ఏ ఇటుక బట్టీలో, ఏ నగరపు కట్టడాల దగ్గర పనిచేస్తున్నారో తెలిపే పట్టిక ఒక్కటి ముందుగా ఉండి ఉంటే గదుల లెక్క నెల ముందే వేసుకోగలిగేవాళ్లం.

ఆరు గంటల్లోకి కుదించిన ఊరు

రెండో ఉద్ధృతి భిన్నంగా వచ్చింది. 2021 మే 5 నుంచి రాష్ట్రంలో మధ్యాహ్నం 12 నుంచి ఉదయం 6 వరకు కర్ఫ్యూ. దుకాణాలకు మిగిలినవి ఆరు గంటలు. ఉద్దేశం మంచిదే. కానీ పన్నెండు గంటల్లో సర్దుకునే కొనుగోళ్లు ఆరు గంటల్లోకి వస్తే అదే చోట ఒక్కసారిగా ఉండే జనం కనీసం రెట్టింపు అవుతారు. పైగా అందరూ చివరి నిమిషానికి వస్తారు కనుక మేం గమనించిన వీధుల్లో తొమ్మిది నుంచి పదకొండున్నర వరకు కాలు పెట్టే సందు లేదు. వేళలు తగ్గించాలంటే చోటు పెంచాలి, చోటు పెంచలేకపోతే వేళలు తగ్గించకూడదు. 2020లో మైదానాల్లోకి పంపిన మార్కెట్లు ఏడాదిలో తిరిగి సందుల్లోకి వచ్చేశాయి. గళ్లు గీసిన పటాలు మా దగ్గరే ఉన్నా వాటిని మళ్లీ తెరిపించడానికి ఉత్తర్వు వచ్చేసరికి మే నెల సగం గడిచింది.

ఆక్సిజన్ కొరత గురించి చాలామంది రాశారు, నేను ప్రణాళికకు సంబంధించినంత వరకే చెబుతాను. ఆసుపత్రుల్లో వాడే పెద్ద సిలిండరులో సుమారు 7 ఘనపు మీటర్లు, అంటే 7,000 లీటర్ల వాయువు ఉంటుంది. నిమిషానికి 10 లీటర్లు కావలసిన రోగికి అది 700 నిమిషాలు, పన్నెండు గంటలకు కాస్త తక్కువ వస్తుంది. అలాంటి రోగులు యాభై మంది ఉంటే రోజుకు వంద సిలిండర్లు లోపలికి, వంద బయటికి కదలాలి. ఇరుకు వీధిలో, నాలుగు అంతస్తుల భవనంలో, లారీ వెనక్కి తిరగలేని గుమ్మంతో నడిచే నర్సింగ్‌హోమ్‌కు ఆ పని ఎంత కష్టమో ఒక రాత్రి దగ్గరగా చూశాను. వీధి చివర లారీ ఆగితే, అక్కడి నుంచి సిలిండర్లను ఇద్దరిద్దరు హమాలీలు నేల మీద దొర్లించుకుంటూ తెచ్చారు; ఆ ఇనుప చప్పుడుకు ఇళ్లవాళ్లు లేచి అరుగుల మీదికి వచ్చి మాట్లాడకుండా నిలబడ్డారు. పక్క జిల్లాలోని విశాఖ ఉక్కు కర్మాగారం నుంచి మహారాష్ట్రకు ఆక్సిజన్ రైలు వెళ్లిన రోజులవి. ఉత్పత్తి జరిగే చోటు అంత దగ్గరలో ఉన్నా చివరి రెండు వందల గజాల దగ్గర ఊరు ఆగిపోయింది. ఆసుపత్రి భవనాలకు అనుమతి ఇచ్చేటప్పుడు పార్కింగ్ కొలతలు అడుగుతాం. లారీ వచ్చి నిలిచే చోటు, సిలిండర్లు దింపే అరుగు, జనరేటరుకు వరద నీరు అందని ఎత్తు కూడా అడగాలని అప్పుడే రాశాను.

తుఫానుతో కలిసి వస్తే

2014 అక్టోబరు 12న హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న తిత్లీ వచ్చిన నేల ఇది. ఉత్తరాంధ్ర అధికారులకు విపత్తు అంటే తుఫాను. ఆ పనిలో వారికి ఆరితేరిన చెయ్యి ఉంది. తుఫానులో జనాన్ని ఒక కప్పు కిందికి చేర్చాలి. మహమ్మారిలో విడదీయాలి. 2021 సెప్టెంబరు 26న గులాబ్ తుఫాను కళింగపట్నానికి ఉత్తరంగా తీరం దాటినప్పుడు ఈ రెండూ ఒకే రాత్రి ఎదురయ్యాయి. విజయనగరం మీద ఆ రాత్రి కుండపోత వాన.

పునరావాస కేంద్రాల్లో మనిషికి 3.5 చదరపు మీటర్ల చోటు ఉండాలని జాతీయ విపత్తు నిర్వహణ ప్రాధికార సంస్థ ప్రమాణం. 100 చదరపు మీటర్ల హాలులో ఆ లెక్కన 28 మంది. ఒక్కొక్కరి చుట్టూ 2 మీటర్ల దూరం పట్టుబడితే ఆ సంఖ్య ఇంకా పడిపోతుంది, మిగిలినవారు వానలో ఉండాలి. ఈ చిక్కును విడదీసే మార్గం మనిషిని వదిలి కుటుంబాన్ని ప్రమాణంగా తీసుకోవడం. ఒకే ఇంట్లో పడుకునేవారు ఇక్కడా పక్కపక్కనే పడుకుంటారు, రెండు కుటుంబాల మధ్యే ఎడం ఉంచాలి. అలా గీస్తే అదే హాలులో నలుగురేసి ఉన్న ఐదారు కుటుంబాలు పడతాయి. జ్వరం ఉన్నవారికి వరండా చివరి గది విడిగా ఉంచాలి, దానికి వేరే గుమ్మం ఉండాలి. కొత్తగా కట్టే పాఠశాల భవనాల నమూనాలో ఆ రెండో గుమ్మం ఒక్కటి చేర్చమని ఇంజనీర్లను అడిగాం. కొందరు చేర్చారు.

పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం గురించి కూడా చెప్పాలి. సిరిమాను, అంటే పూజారిని చివర కూర్చోబెట్టిన పొడవాటి మాను, గుడి నుంచి కోట వరకు మూడుసార్లు తిరిగే ఆ మధ్యాహ్నం చుట్టుపక్కల జిల్లాల జనమంతా మూడు లాంతర్ల దగ్గరే ఉంటారు. 2020 అక్టోబరులో ఉత్సవాన్ని పరిమితంగా జరిపారు. ఆ నిర్ణయం అమలైనది బారికేడ్ల వల్ల మాత్రమే అని నేను అనుకోను. పండుగకు చుట్టాలను పిలవవద్దని ఇళ్లలోని పెద్దలే ముందుగా ఊళ్లకు కబురు పెట్టారు. అమ్మవారి మొక్కు వాయిదా పడితే తప్పు లేదని గుళ్లో చెప్పించడం పోలీసు మైకు కన్నా ముందు జరగవలసిన పని. మా ప్రణాళికలో ఉత్సవాల పేజీలో ఆ కబురు చేరవేసేవారి వరస కూడా రాసి ఉంచాం.

పట్టిక

చివరికి మేం తయారు చేసినది పెద్ద నివేదిక కాదు. ఒక్కో వార్డు సచివాలయం పరిధికి ఒక పటం, దాని వెనుక ఒక పట్టిక. పటం మీద వీధి కొళాయిలు, సామూహిక మరుగుదొడ్లు, రేషను ఇచ్చే చోట్లు, ఏటీఎంలు, మందుల దుకాణాలు, పాలబూతులు, డయాలసిస్‌కు వెళ్లేవారు, నెలలు నిండినవారు ఉన్న వీధులు, శ్మశానానికి దారి. పట్టికలో ప్రతి అవసరానికీ నాలుగు గడులు: ఏ పని కోసం బయటికి రావాలి, ఎన్ని రోజులకోసారి, ఎంత దూరం, బయటికి రాలేని రోజున ఎవరు తెచ్చి ఇస్తారు. రోగుల పేర్లు పటం మీద రాయకూడదని మొదటే నిర్ణయించుకున్నాం. 2020లో ఇళ్లకు అంటించిన నోటీసుల వల్ల కుటుంబాలు ఎంత నలిగిపోయాయో చూశాక ఆ విషయంలో నాకు రెండో ఆలోచన లేదు. సంఖ్య పటం మీద, పేరు ఆరోగ్య కార్యదర్శి దగ్గర.

ఈ పట్టికలను ఏడాదికోసారి, వేసవిలో నీటి ఎద్దడి మొదలయ్యే ముందు సరిచూడాలని రాశాం. ఆ పని మహమ్మారి కోసం మాత్రమే కాదు. 2024 అక్టోబరులో ఇదే జిల్లాలోని గుర్ల మండలంలో అతిసారం ప్రబలి ప్రాణాలు పోయినప్పుడు అడగవలసిన ప్రశ్నలు కూడా ఇవే: ఈ వీధివారు ఏ నీళ్లు తాగుతున్నారు, ఆ పైపు ఏ కాలువ పక్క నుంచి వస్తోంది, అది ఆపితే బదులు నీళ్లు ఎవరు తెస్తారు. తర్వాతి మాస్టర్ ప్లాన్‌లో ఈ పటాలను అనుబంధంగా చేర్చాలన్నది నా ప్రతిపాదన. భూవినియోగపు రంగుల కింద పడి కనిపించకుండా పోకూడదు కనుక విడి పొరగా ఉంచాలని కూడా కోరాను.

మొన్న వేసవిలో ఆ మొదటి వాడకు వెళ్లి పట్టికను మళ్లీ సరిచూశాను. అదనంగా బిగించిన రెండు కొళాయిల్లో ఒకటి పనిచేస్తోంది. వేపచెట్ల మైదానం తాళం చెవి ఇప్పుడు ప్రధానోపాధ్యాయుని దగ్గర, దాని జత సచివాలయంలో ఉన్నాయి. కొళాయిలో నీళ్లు రాని రోజున ట్యాంకరు ఎవరు పిలవాలన్న గడిలో పాత పేరు కొట్టేసి కొత్త పేరు రాశారు, ఫోను నంబరుతో. డయాలసిస్‌కు వారానికి రెండుసార్లు వెళ్లవలసిన ఇద్దరి ఎదుట, బండి కదలని రోజున ఎవరు తీసుకెళ్తారన్న గడి మాత్రం ఇంకా ఖాళీగా ఉంది. దాని కోసం ఆటో స్టాండువాళ్లతో మాట్లాడటానికి ఆరోగ్య కార్యదర్శి, నేను వచ్చే సోమవారం వెళ్తున్నాం.